పచ్చ దస్తర్‌ఖాన్‌లో పుట్టినరోజు

పద్నాలుగో భాగం

పోయిన వారం మనం అనితను పచ్చ దస్తర్‌ఖాన్‌లో బచ్చలి పందిరి కింద, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చాం. ఝరాసంగం రైతు శివశంకర్ జొన్నల బస్తా దించి, చేతులు దులుపుకొని, "మనం పెండ్లి చేసుకుందామా" అని అడిగేశాడు. భర్త జగన్‌మోహన్ పోయాక అత్త సావిత్రమ్మనే తల్లి అనుకుంటూ, కూతురు అక్షతే లోకంగా బతుకుతున్న అనిత అప్పటికప్పుడు ఏమీ చెప్పలేకపోయింది. "ఆదివారం పాప పుట్టినరోజు. అత్తమ్మను తోలుకొస్త. ముందు ఆమెకు నా నోటితోని చెప్పాలె. తర్వాతనే నీకు" అంది. శివశంకర్ కూడా తన వైపు సంగతి దాచలేదు. బిడ్డతల్లిని కోడలిగా తెచ్చుకోవడం తన తల్లికి ఇష్టం లేదని చెప్పే వెళ్లాడు.

ఆ ఆదివారం రానే వచ్చింది.

తెల్లవారిన దగ్గర నుంచి తుంపర పడుతూనే ఉంది. వాన అందామంటే వాన కాదు, ఎండ ఊసు లేదు. జహీరాబాద్ మొత్తం పల్చటి తడిబట్ట కప్పుకొని ఇంకా నిద్ర లేవనట్టుంది. ఈరయ్య ఆటో రైల్వే స్టేషన్ వెనక సందు మొదట్లో ఆగింది. అంతకంటే లోపలికి ఆటో పట్టదు.

"మీరు నిమ్మలంగ రాండ్రి. నేను ఈడనే ఉంట" అన్నాడు ఈరయ్య. ఆయన వాళ్ల పక్కింటి మనిషే.

కొత్త గౌను తడవకుండా ఎత్తిపట్టుకొని అక్షత ముందు పరుగెత్తింది. ఆ సందులో ఏ గుంత ఎక్కడుందో ఆ పిల్లకు తెలుసు. వెనక సావిత్రమ్మ కొంగు తల మీదికి లాక్కొని, నేల చూసుకుంటూ నడుస్తోంది. ఆమె ఇక్కడికి రావడం ఇదే మొదలు.

"పాలు లేవు, పెరుగు లేదు, నెయ్యి లేదు. అసొంటి కాడ పుట్టినరోజు ఏందే బిడ్డా" అంది, పొద్దున ఇంట్లో అన్న మాటే మళ్లీ.

"తిన్నంక చెప్పు అత్తమ్మా" అంది అనిత.

పచ్చ దస్తర్‌ఖాన్ అని, అంటే భోజనానికి పరిచే పచ్చ గుడ్డ అని, పేరైతే పెట్టారు గాని, సందులో అందరూ దాన్ని పాలు లేని హోటలనే అంటారు. చూడటానికి హోటల్లా ఉండదు. అందరూ నానీ అని పిలిచే అజీజున్నీసా పాత ఇంటి వాకిలి, వరండా, వెనక చిన్న పెరడు, అంతే. భర్త అబ్దుల్ సమద్‌కు గుండె జబ్బు వచ్చి, డాక్టర్లు మాంసం, గుడ్డు, పాలు అన్నీ మానిపించినప్పుడు ఆమె తన వంటిల్లే మార్చేసుకుంది. పల్లీలు నానబెట్టి, రుబ్బి, పాలు తీయడం నేర్చింది. నెయ్యి వేసే చోట నువ్వుల ముద్ద వేసి చూసింది. ఆయన పోయాక ఆ వంట మానబుద్ధి కాలేదు. ఒక్కదాని కోసం వండుకోబుద్ధీ కాలేదు. వాకిట్లో బల్లలు వేయించి, వాటి మీద ఆకుపచ్చ గుడ్డలు పరిచి, వచ్చినవాళ్లకు పెట్టడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆదివారం వస్తే బల్ల దొరకడం కష్టం. వరండా దూలానికి చీరతో కట్టిన ఉయ్యాల ఉంటుంది. ఎవరి పసిపిల్లనైనా అందులో వేసి, తల్లిదండ్రులు కాస్త నెమ్మదిగా తినవచ్చు. ఓ మూల కర్ర తొట్టి నిండా చింతగింజలు పోసి ఉంటాయి. పిల్లలు అందులో మోచేతుల దాకా చేతులు పెట్టి ఆడుకుంటారు. ఒక బల్ల దగ్గర మరాఠీ మాటలు, మరో బల్ల దగ్గర ఉర్దూ, వాకిలి దగ్గర కన్నడం. అన్నీ కలిసి తుంపర చప్పుడులో కరిగిపోయి ఒకే భాషలా వినిపిస్తాయి.

ఇక్కడికి వచ్చినప్పుడల్లా తను మెలకువలోనే ఉందా అని అనితకు అనుమానం వస్తుంది. బయట ఎక్కడికి పోయినా, పెళ్లి కానీ, బారసాల కానీ, అక్షత తన పళ్లెం ముందు పెట్టుకొని తల్లి మొహం చూస్తుంది. "దీంట్ల పాలున్నయా?" అని అడుగుతుంది. పాలచుక్క తగిలితే చాలు, ఆ పిల్ల పెదవులు ఉబ్బిపోతాయి, ఊపిరి అందదు. ఆడుకునే వయసులో ఆ భయం ముందు నేర్చింది. ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు కూడా అడిగింది. అజీజున్నీసా వంగి, దాని గడ్డం పట్టుకొని, "ఈ ఇంట్ల ఎందులనూ లేవు బేటా" అంది. అప్పటి నుంచి ఇక్కడ అడగడం మానేసింది. పిల్ల ఏమీ అడగకుండా తింటుంటే చూడటం కోసమే అనిత వారం వారం వస్తుంది.

"ఆవో, ఆవో. పెద్దమ్మ కూడా వచ్చింది ఇయ్యాల" అంటూ అజీజున్నీసా ఎదురొచ్చింది. పందిరి పక్క బల్ల వాళ్ల కోసం ఆపి ఉంచింది. సావిత్రమ్మ చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది. "జర చలిగున్నది గదా. ముందు చాయ్ తాగుండ్రి."

సావిత్రమ్మ చాయ్ కప్పును కాసేపు చూసింది. రంగు బాగానే ఉంది. ఒక గుటక తాగి, నాలుక మీద నిలిపి, మింగింది.

"ఎట్లున్నది?" అంది అనిత.

"చాయ్ లెక్కనే ఉన్నది. గాని వేరేటోళ్ల ఇంట్ల పండుకున్నట్టున్నది" అంది సావిత్రమ్మ. అజీజున్నీసా పకపకా నవ్వింది. ఆ నవ్వు విని సావిత్రమ్మ కూడా కొంచెం నవ్వి, కప్పు ఖాళీ చేసింది.

తర్వాత జొన్న రొట్టెలు వచ్చాయి, పొయ్యి మీది నుంచి అప్పుడే దించినవి. పక్కన పల్లీలు, నువ్వులు రుబ్బి వండిన బగారా బైంగన్, పుంటికూర పప్పు, కొర్రల కిచిడి. సావిత్రమ్మ మొదట మర్యాదకు ఒక ముక్క తుంచింది. రెండో రొట్టె అడగకుండానే తీసుకుంది. వంకాయ తొడిమె కూడా చీకి పక్కన పెట్టి, "మసాల మంచిగ నూరింది ఈమె" అని మెల్లగా అంది.

కేక్ చివర్లో వచ్చింది. జొన్నపిండి, బెల్లం, అరటిపండ్లతో చేసింది. పైన వేయించిన నువ్వులతో అక్షత పేరు రాసి ఉంది. పక్క బల్లల పిల్లలంతా చుట్టూ చేరారు. అక్షత కత్తి పట్టుకొని కోసింది. మొదటి ముక్క తనే తినేసింది, ఎవరికీ పెట్టకుండా, ఎవరి మొహమూ చూడకుండా. మూతికి బెల్లం అంటింది.

సావిత్రమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. ఆరేళ్ల పిల్ల పుట్టినరోజు నాడు కేక్ తినడం ఆమె చూడటం ఇదే మొదలు. ప్రతి ఏడూ ఇంట్లో పాయసం వండి దేవుడికి పెట్టి, పక్కింటివాళ్లకు పంచి, పిల్ల చేతిలో బెల్లం ముక్క పెట్టేది.

"నాకెందుకు చెప్పకపోతివే, ఇసొంటి జాగా ఉన్నదని" అంది.

"ఎన్నిసార్లు రమ్మన్ననో యాదికి తెచ్చుకో" అంది అనిత.

పిల్లలు కేక్ ముక్కలు పట్టుకొని చింతగింజల తొట్టి వైపు పోయారు. పందిరి మీది నుంచి చుక్కలు ఒక్కొక్కటిగా రాలుతున్నాయి. దూరంగా రైలు ఏదో వచ్చి, ఆగి, కూత వేసి కదిలింది. అనితకు కడుపు నిండిన మగత. ఈ బల్లకు నాలుగో వైపు కూడా మనిషి ఉన్నట్టు, అతను అక్షత మూతి తుడుస్తున్నట్టు, అత్తమ్మ అతనికి రొట్టె వడ్డిస్తున్నట్టు కళ్ల ముందు కదిలింది. ఇదే సమయం అనుకుంది.

"అత్తమ్మా, నీకొక మాట చెప్పాలె."

"చెప్పు బిడ్డా."

పెరటి తలుపు దగ్గర ట్రాలీ ఆటో ఆగిన చప్పుడు వినిపించింది. అనిత అటు తిరిగింది. శివశంకర్ భుజం మీద బస్తాతో లోపలికి వచ్చాడు. ఒక చేతిలో అక్షత కోసం తెచ్చిన పచ్చి పెసరకాయల కట్ట ఉంది. ఇయ్యాల తెల్లచొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ మడతలు ఇంకా పోలేదు. బస్తా దించి, ఇటు తిరిగి, నమస్కారం పెట్టబోయాడు.

సావిత్రమ్మను చూశాడు. రెండు చేతులూ సగంలో ఆగిపోయాయి.

సావిత్రమ్మ కూడా లేచి నిలబడింది. కళ్లద్దాలు సర్దుకుంది. రెండడుగులు దగ్గరికి వెళ్లి అతని మొహంలోకి చూసింది.

"నువ్వే" అంది. "ఆ పొద్దు దవాఖానల బెంచి మీద కూసున్నోడివి. అంత చలిల బనీను మీద ఉన్నవ్. నీ అంగి నా కొడుకు తల కింద ఉండె."

శివశంకర్ తల దించుకున్నాడు. "అవునమ్మా. నేనే" అన్నాడు.

అనితకు ఆ మాటలు నీళ్ల అడుగు నుంచి వినిపించినట్టు వినిపించాయి. అర్థం కావడానికి కాసేపు పట్టింది. జగన్‌మోహన్ రాత్రి డ్యూటీ దిగి హైవే మీద బండి మీద వస్తూ, చిరాగ్‌పల్లి దగ్గర పొగమంచులో పడిపోయిన పొద్దున ఆమె ఐదు నెలల పాపను ఒళ్లో వేసుకొని ఇంట్లోనే ఉంది. సావిత్రమ్మ ఒక్కతే సర్కారు దవాఖానకు పరుగెత్తింది. దారినపోయే రైతెవరో జగన్‌మోహన్‌ను ట్రాలీలో వేసుకొచ్చాడని, తర్వాత ఎటు వెళ్లాడో తెలియదని చెప్పారు. ఆ తెలియని మనిషి కోసం సావిత్రమ్మ ప్రతి సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఒక మాట అనుకుంటుంది. "ఆ పిలగాడు ఏడున్నా సల్లగుండాలె." ఆ మాట విని విని, అనిత కూడా మనసులో అనుకునేది.

ఆ పిలగాడు ఇతను. ఏడాదిగా ఆమె ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నవాడు.

"శంకర్, నీకు ముందే ఎరుకనా?" అంది.

పేరు పెట్టి పిలిచింది. సావిత్రమ్మ ఒక్కసారి కోడలి వైపు తిరిగి చూసింది. ఆ చూపులోనే ఆమెకు చాలా తెలిసిపోయిందని అనితకు అర్థమైంది. నోటితో చెప్పాలనుకున్నది ఇట్లా బయటపడింది.

"పోయిన ఎండకాలం నుంచి ఎరుక" అన్నాడు శివశంకర్. "నేను సరుకు దించుతుంటె, పాప నానీని అడగవట్టె, దీంట్ల పాలున్నయా అని. ఆ మాట ఇనంగనే నాకు ఒళ్లు జల్లుమన్నది. నానీని అడిగిన, ఈ పాప ఎవలదని. చిరాగ్‌పల్లి కాడ పోయినాయన పాపనే అని చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలె? ఏడాది. ఏడాది నా ముంగట కూసున్నవ్. నా మీద జాలితోని వచ్చినవా? అందుకేనా పెండ్లన్నవ్?"

"జాలి కాదు" అన్నాడు అతను. "మొదట్ల పాపను జూడనీకె వస్తుంటి, మంచిగున్నదా లేదా అని. నిన్ను జూడనీకె రావడం ఎప్పుడు షురువైందో నాకే ఎరుక లేదు."

"అయితె ఎందుకు దాచినవ్?"

అతను పెసరకాయల కట్టను బల్ల మీద పెట్టాడు. మళ్లీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏదో ఉందని అనితకు తెలిసింది, చెప్పడని కూడా తెలిసింది.

అడిగింది సావిత్రమ్మ.

"పాలున్నయా అని పోరి అడిగితె నీకు ఒళ్లెందుకు జల్లుమన్నది?"

"ఇప్పుడెందుకులేమ్మా."

"నా కొడుకు పానం నీ చేతులల్ల పోయింది. ఆడు ఏమన్నడో నాకు చెప్పకుంట పోతవా?"

శివశంకర్ అనిత వైపు చూశాడు. వద్దని వేడుకున్నట్టు ఉంది ఆ చూపు. అనితకు అది అర్థం కాలేదు. "చెప్పు" అంది.

అతను కూర్చున్నాడు. సావిత్రమ్మ కూడా ఎదురుగా కూర్చుంది.

"హుమ్నాబాద్‌ల అల్లం దించి వస్తున్నం. నా తమ్ముడు ట్రాలీ నడుపుతుండె. చిరాగ్‌పల్లి కాడ రోడ్డు పక్కన పడి ఉన్నడు. ఎత్తి పండవెట్టినం. నేను ఎనక కూసున్న, తల నా తొడ మీద వెట్టుకొని. దారంత పాప గురించే. పాప పాలు కక్కుతున్నదట, ఒంటి నిండ దద్దుర్లట. రాత్రి డ్యూటీల ఎవరో డాక్టర్‌ను అడిగిండట. ఆ పాలే పడ్తలేవని చెప్పిండట డాక్టరు. 'ఇంట్ల చెప్పు, పాలు పొయ్యొద్దని చెప్పు' అని నా చెయ్యి వట్టుకున్నడు. దవాఖాన గేటు దాటేదాక అదే మాట."

జగన్‌మోహన్ పోయాక ఆ నెలలు అనిత ఎప్పుడూ మర్చిపోలేదు. పాప ఎముకల గూడైపోయింది. సంగారెడ్డిలో పెద్ద డాక్టర్ చూసి, పాలు ఆపండి అనే దాకా అదే పాలు పోశారు. దుఃఖంలో అనితకు చేతులు ఆడేవి కావు. సావిత్రమ్మే గేదె పాలు కాచి, చల్లార్చి, చెంచాతో పోసేది. ఈ కథంతా పోయిన ఏడాది ఇదే బల్ల దగ్గర శివశంకర్‌కు తనే చెప్పింది. ఆ రోజు అతను చాయ్ సగంలో వదిలేసి ఎందుకు వెళ్లిపోయాడో అప్పుడు తెలియలేదు.

"ఆ మాట నువ్వు మాకు చేరెయ్యాలె గదా" అంది. "ఒక్క మాట. పాప సచ్చి బతికింది, ఎరుకనా నీకు?"

శివశంకర్ నేల చూస్తూ ఉండిపోయాడు.

"చేరేసిండు" అంది సావిత్రమ్మ.

ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఎక్కడో చూస్తోంది. బల్ల మీది ఆకుపచ్చ గుడ్డను వేళ్లతో నిమురుతోంది.

"నాకు చెప్పిండు. బెంచి మీద నా పక్కన కూసోని చెప్పిండు. పెదవులు ఆడుడు కనవడ్డది. పాలు అన్నడు, పాప అన్నడు. నేను తలూపిన. నాకు ఏం ఇనవడ్డదో దేవునికే ఎరుక. నేను తలూపుతుంటె, ఈ పిలగాడు నాకు సమజైందనుకున్నడు, లేచి పోయిండు." శివశంకర్ వైపు తిరిగింది. "అవునా?"

"అమ్మా, ఆ యాళ్ల ఎవలకైనా గట్లనే ఉంటది" అన్నాడు శివశంకర్.

"అవునా కాదా చెప్పు."

"అవును."

తుంపర ఆగింది. పందిరి నుంచి చుక్కలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. చింతగింజల తొట్టి దగ్గర పిల్లలు నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లో అక్షత నవ్వు వేరుగా వినిపిస్తోంది.

అనితకు ఇప్పుడు అన్నీ ఒక్కసారే కనిపించాయి. ఏడాదిగా అతను ఏం మోస్తున్నాడో, ఎవరి కోసం మోస్తున్నాడో. ఈ మాట చెబితే సావిత్రమ్మ తన చేతులతో పోసిన ప్రతి చెంచా ఆమెకు గుర్తొస్తుంది. అత్తాకోడళ్ల మధ్య అది ఎప్పటికీ నిలిచిపోతుందేమో. అందుకే అతను చెప్పలేదు. తన మీద కోపం వచ్చినా సరే అనుకున్నాడు.

"నా చేతులతోని పోసిన" అంటోంది సావిత్రమ్మ, తన అరచేతులు చూసుకుంటూ. "ఊది ఊది పోసిన."

అనిత లేచి వెళ్లి, ఆమె పక్కన కూర్చొని, ఆ రెండు చేతులూ తన ఒళ్లోకి తీసుకుంది. చెప్పడానికి మాటలు వెతుక్కుంది. చివరికి దొరికినవి ఇవే. "ఆ చేతులే గదా అత్తమ్మా, తర్వాత దాన్ని బతికిచ్చుకున్నయి. రాగుల మాల్ట్ కాచి, రాత్రంత కూసోని తాపింది ఎవరు?"

సావిత్రమ్మ ఏడవలేదు. కోడలి భుజానికి తల ఆనించి, కళ్లు మూసుకొని ఉండిపోయింది. అజీజున్నీసా వచ్చి, ఏమీ అడగకుండా, మంచినీళ్ల చెంబు బల్ల మీద పెట్టి వెళ్లింది.

శివశంకర్ లేచాడు. "మొగుడంపల్లిల పెసర్ల బస్తాలు ఎక్కించాలె. పోతనమ్మా" అన్నాడు. అనిత వైపు చూడలేదు. పెసరకాయల కట్ట అక్షత చేతికిచ్చి, దాని తల నిమిరి, వచ్చిన పెరటి దారినే వెళ్లిపోయాడు. ఆగమని అందామనుకునే లోపే ట్రాలీ కదిలిన చప్పుడు వినిపించింది.

చాలాసేపటికి ముగ్గురూ సందు దాటి వచ్చారు. మిగిలిన కేక్‌ను అజీజున్నీసా మోదుగాకులో కట్టి ఇచ్చింది. ఆటో ఎక్కగానే అక్షత నానమ్మ ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. సావిత్రమ్మ దాని జుట్టు వేళ్లతో దువ్వుతూ కూర్చుంది. ఆమె మొహంలో ఏముందో అనితకు అంతుపట్టలేదు.

"ఇంటికేనా పెద్దమ్మా?" అన్నాడు ఈరయ్య.

"కాదు. ఝరాసంగం దిక్కు తిప్పు."

అనిత ఉలిక్కిపడింది. "అక్కడికెందుకు అత్తమ్మా?"

"ఆడు మొగుడంపల్లి పోయిండు గదా. ఇంట్ల లేనప్పుడే పోవాలె."

"వాళ్లమ్మ ఒప్పుకోదు. నాతోని ఆయనే చెప్పిండు."

"కొడుకు అడిగితె ఒప్పుకోకపోవచ్చు. తల్లిని తల్లి అడగాలె. ఎసొంటి కొడుకును కన్నదో ఆమెకు ఎవలన్న చెప్పిన్రో లేదో."

ఈరయ్య వెనక్కి ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా బండి తిప్పాడు. ఊరు వెనకబడింది. రెండు పక్కలా చెరకు, పెసర చేలు, వాటి మీద తేలుతున్న తెల్లటి తేమ. రోడ్డు మెత్తగా జారిపోతోంది. ఇదంతా తనకే జరుగుతోందా, ఎవరి కలలోనో తను కూర్చుని ఉందా, అనితకు తెలియలేదు.

ఫోన్ మోగింది. తెర మీద శివశంకర్ పేరు. ఎత్తాలా వద్దా అని ఆమె చూస్తుండగానే, సావిత్రమ్మ చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. పిల్ల నిద్ర చెడకుండా మెల్లగా చెవికి ఆనించుకుంది.

"నేను, జగన్‌మోహన్ తల్లిని" అంది. "ఒక్కటి చెప్పు బిడ్డా. మీ అమ్మ పేరేంది?"

అవతలి నుంచి ట్రాలీ ఇంజిన్ చప్పుడు వినిపిస్తూ ఉంది. ఉన్నట్టుండి అది ఆగిపోయింది.